ఒక సైకిలు, ఇద్దరు సారథులు

మంచు కురియు ఉత్తర దేశములలో శీతకాలమున వీధిలో సైకిలు త్రొక్కుట కష్టము. అట్టి దేశములోని ఒక ఇంటిలో, గది నడుమ నిలిపిన సైకిలును ఒక యువకుడు త్రొక్కుచున్నాడనుకొందము. సైకిలు అంగుళమైనను ముందునకు కదలుట లేదు. అయినను అతని నొసట చెమట కారుచున్నది. ఎదుటి తెరపై కొండదారి కనబడుచున్నది. దారి ఎత్తెక్కగానే అతని కాళ్ళ క్రింది పెడళ్ళు బరువెక్కినవి. ఇది సహజముగనే యున్నది. కాని కొండ నడుమ నుండగనే పెడళ్ళు ఒక్కసారిగా తేలికపడినవి. మరుక్షణమే తిరిగి బిగిసినవి. ఎత్తు తగ్గలేదు, అతడు గేరు మార్చలేదు. మరి ఏమి జరిగినది?

ప్రక్కనున్న ఫోనులో మరియొక ఆప్ పనిచేయుచున్నది. అది అతనికి వ్యాయామ పాఠము చెప్పు ఆప్. "పది నిమిషములు, 150 వాట్లు" అనునది దాని ఆజ్ఞ. తెరపైని ఆప్ "ఇది కొండ" అనుచున్నది. ఈ రెండు ఆజ్ఞల నడుమ యంత్రము తికమకపడుచున్నది. ఒకే యంత్రము రెండు ఆప్‌లతో పనిచేయగలదా? చేయగలదు. కాని అందులకొక నియమము కలదు. ఆ నియమమును తెలిసికొనుటకు ఉన్నత పాఠశాలలో చదువు భౌతికశాస్త్రము చాలును.

యంత్రము లోపల

ఇట్టి యంత్రమునకు స్మార్ట్ ట్రైనరు అని పేరు. నేటి ట్రైనరులలో పెక్కింటికి సైకిలు వెనుక చక్రమును తీసివేసి, గొలుసును నేరుగా యంత్రమునకున్న పళ్ళచక్రములపై తగిలింతురు. పెడలు త్రొక్కగానే లోపల ఫ్లైవీలు అను బరువైన చక్రము తిరుగును. కాలి ఒత్తిడి ఒక క్షణము తగ్గినను ఈ చక్రము తన జడత్వము వలన తిరుగుచునే యుండును. అందువలన నిజమైన దారిపై పోవుచున్నట్లు తోచును.

ఈ చక్రమును ఆపుటకు రబ్బరు బ్రేకు అక్కరలేదు. ప్రక్కన విద్యుదయస్కాంతము నుంతురు. లోహము అయస్కాంత క్షేత్రములో కదలునప్పుడు, లోహములోనే సుడులు తిరుగు విద్యుత్ప్రవాహములు పుట్టును. వీనిని ఎడ్డీ ప్రవాహములందురు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకో 1855లో వీని ప్రభావమును ప్రయోగముతో చూపెను. లెంజ్ నియమము ప్రకారము ఈ ప్రవాహములు తమ పుట్టుకకు కారణమైన కదలికనే ఎదిరించును. కనుక తాకకయే చక్రమును పట్టి ఆపవచ్చును. తీగచుట్టలో విద్యుత్తు హెచ్చించినచో పట్టు హెచ్చును, తగ్గించినచో తగ్గును. త్రొక్కువాని శ్రమ అంతయు తుదకు వేడిగా మారును.

దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. మందమైన అల్యూమినియము పలకను ఏటవాలుగా నుంచి, దానిపై బలమైన అయస్కాంతపు బిళ్ళను జార్చుడు. తరువాత అదే బిళ్ళను అంతే ఏటవాలుగానున్న నున్నని కొయ్య పలకపై జార్చుడు. అల్యూమినియమునకు అయస్కాంతము అంటుకొనదు. అయినను దానిపై బిళ్ళ మెల్లమెల్లగా దిగును. ట్రైనరులోని రహస్యమంతయు ఇదియే.

రెండు విధములైన ఆజ్ఞలు

ట్రైనరునకు ఆప్ ముఖ్యముగా రెండు విధముల ఆజ్ఞల నీయవచ్చును. మొదటిది స్థిర సామర్థ్య పద్ధతి. "ఎంత వేగముగా త్రొక్కినను సరే, 150 వాట్లు రావలెను" అనుట ఇందలి ఆజ్ఞ. సామర్థ్యము అనగా బలభ్రామకమును కోణీయ వేగముచే గుణించిన ఫలితము. నిమిషమునకు 90 చుట్లు త్రొక్కినచో కోణీయ వేగము సెకనుకు 9.4 రేడియనులు. అప్పుడు 150 వాట్లకు కావలసిన బలభ్రామకము సుమారు 16 న్యూటన్-మీటర్లు. అలసి 60 చుట్లకు తగ్గినచో అది 24 అగును. 45 చుట్లకు తగ్గినచో 32 అగును. అనగా మెల్లగా త్రొక్కినకొలది పెడలు బరువెక్కును. బరువెక్కినకొలది త్రొక్కుట ఇంకను మెల్లనగును. తుదకు కాలు నిలిచిపోవుటయు కలదు.

రెండవది దారి అనుకరణ పద్ధతి. ఇందులో ఆప్ వాట్లు చెప్పదు. దారి వాలు ఎంత, గాలి ఎంత, నేలపై చక్రము దొర్లుటకు నిరోధమెంత అను సంగతులు చెప్పును. వాని ననుసరించి ట్రైనరు తన పట్టును నిర్ణయించుకొనును. ఇందులో ఎన్ని వాట్లు పెట్టవలెనో త్రొక్కువాని ఇష్టము.

ఈ రెండు పద్ధతులును మంచివే. కాని యంత్రములో విద్యుదయస్కాంతపు పట్టు ఒకే సమయమున ఒకే విలువ కలిగియుండును. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గదా!

వార్త పోవు మార్గములు

ఆప్‌నకును ట్రైనరునకును నడుమ మాటలు రేడియో తరంగములపై సాగును. ఇందులకు రెండు పద్ధతులు వాడుకలో నున్నవి. ఒకటి ఆంట్ ప్లస్, రెండవది బ్లూటూత్. రెండును 2.4 గిగాహెర్ట్స్ ప్రాంతపు తరంగములనే వాడును.

ఆంట్ ప్లస్ పద్ధతిలో ట్రైనరు తన కొలతలను ఆకాశవాణివలె ప్రసారము చేయును. ఆకాశవాణి వార్తలను ఒక రేడియో విన్నను, వేయి రేడియోలు విన్నను ప్రసారకేంద్రమునకు భేదము లేదు. అటులనే ఎన్ని పరికరములైనను ఈ కొలతలను ఒకేసారి వినవచ్చును. బ్లూటూత్ టెలిఫోను వంటిది. ఇద్దరు మాటలాడుకొనుచుండగా మూడవవానికి ఆ తీగ ఖాళీ లేదు. పాత ట్రైనరులలో పెక్కు ఒకే బ్లూటూత్ సంబంధమును మాత్రమే అంగీకరించును. అట్టి దానిని ఒక ఆప్ పట్టుకొనినచో, రెండవ ఆప్‌నకు ఆ ట్రైనరు కనబడనే కనబడదు. యంత్రము చెడిపోయినదని పలువురు భ్రమపడుట ఇచ్చటనే. క్రొత్త ట్రైనరులలో కొన్ని ఒకటికంటె ఎక్కువ సంబంధములను అంగీకరించుచున్నవి.

వినుట వేరు, ఆజ్ఞాపించుట వేరు అని ఇచ్చట గ్రహింపవలెను. ఎందరు విన్నను చిక్కు లేదు. ఇద్దరు ఆజ్ఞాపించినప్పుడే చిక్కు. ఒక ఆప్ ఆంట్ ప్లస్ ద్వారా, మరియొకటి బ్లూటూత్ ద్వారా ఆజ్ఞల నిచ్చినచో, ట్రైనరు తరచుగా తనకు చివర వచ్చిన ఆజ్ఞను పాటించును. మన యువకుని పెడళ్ళు బిగియుటకును వదులగుటకును ఇదియే కారణము. హఠాత్తుగా బిగిసిన పెడలు మోకాలికి మంచిది కాదు. వ్యాయామ యంత్రముల కొరకు 2017లో వెలువడిన బ్లూటూత్ నియమావళిలో ఈ విషయమై ఒక కట్టుబాటు కలదు. ఆజ్ఞల నీయగోరు పరికరము ముందుగా అధికారమును అడిగి పొందవలెను. పొందనిచో దాని ఆజ్ఞ చెల్లదు.

చేయవలసిన ఏర్పాటు

కనుక రెండు ఆప్‌లను కలిపి నడుపువారు ముందుగా ఒకదానిని సారథిగా నిర్ణయించుకొనవలెను. ఉదాహరణకు ట్రైనర్‌రోడ్ అను ఆప్‌లో వ్యాయామ పాఠమును నడుపుచు, 2014లో ప్రారంభమైన జ్విఫ్ట్‌లో దారిని చూడగోరువారు కలరు. వారు ట్రైనరుపై అధికారమును ట్రైనర్‌రోడ్‌నకు మాత్రమే ఇచ్చి, జ్విఫ్ట్‌లో ట్రైనరును వాట్లు చూపు సాధనముగా మాత్రమే కలుపుకొందురు. నిరోధమును మార్చు అధికారమును దానికి ఈయరు. అప్పుడు తెరపై కొండ వచ్చినను పెడలు బరువెక్కదు. కాని తెరపైని బొమ్మ మాత్రము మెల్లగా ఎక్కును. ఏల?

బొమ్మ వేగమును ఎవరును కొలుచుట లేదు. వాట్లనుండి లెక్క కట్టుచున్నారు. మనిషియు సైకిలును కలిసి 75 కిలోగ్రాములనుకొని, గాలి నిరోధమునకును దొర్లు నిరోధమునకును సాధారణ విలువల నుంచి లెక్కించినచో, 150 వాట్లతో చదునుదారిపై గంటకు సుమారు 30 కిలోమీటర్లు పోవచ్చును. నూటికి 5 వంతుల ఎత్తుపై అదే 150 వాట్లతో గంటకు 12 లేక 13 కిలోమీటర్లు మాత్రమే పోగలము. శ్రమ ఒక్కటియే, వేగములు రెండు. కనుకనే వ్యాయామము ముగియునప్పటికి రెండు ఆప్‌లు రెండు దూరములు చూపినచో ఆశ్చర్యపడనక్కరలేదు. ఏది సరియైన దూరము? నిజమునకు సైకిలు కదలనే లేదు! దూరము ఊహపై కట్టిన లెక్క. వాట్లు కొలిచిన రాశి. శాస్త్రము చదువువారు ఈ భేదమును ఎన్నడును మరువరాదు.

మరియొక జాగ్రత్త కలదు. రెండు ఆప్‌లును తమ తమ నమోదులను ఒకే దినచర్య పుస్తకమునకు పంపినచో, ఒక గంట వ్యాయామము రెండు గంటలుగా లెక్కకెక్కవచ్చును. అట్లయినచో ఒకదానిని తొలగింపవలెను.

రెండు నమోదులు, ఒక సాక్ష్యము

అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2020 డిసెంబరులో ఈ గదిసైకిలు పందెములకు మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను జ్విఫ్ట్‌పై జరిపెను. పోటీదారులు వేరువేరు తావులనుండి పాల్గొనిరి. ఇట్టి పందెములలో గెలుపును వాట్లే నిర్ణయించును. వాట్లు సరియైనవని ఎట్లు నమ్ముట? ఇందులకు ఉన్నతస్థాయి పందెములలో రెండు నమోదుల పద్ధతిని వాడుదురు. ట్రైనరు ఒక కొలత తీయును; పెడలుకో, క్రాంకుకో అమర్చిన వేరొక సామర్థ్యమాపకము రెండవ కొలత తీయును. తరువాత ఆ రెండింటిని పోల్చి చూతురు.

ఒకే ట్రైనరును రెండు ఆప్‌లు విన్నంతమాత్రమున ఇట్టి రుజువు కాదు. పది నిమిషములు తప్పుగా తిరుగు గోడగడియారమును ఇద్దరు చూచి ఒకే సమయము చెప్పినచో, ఆ సమయము నిజమగునా? ట్రైనరు నూటికి 5 వంతులు ఎక్కువ చూపుచున్నచో రెండు ఆప్‌లలోను అదే తప్పు కనబడును. సాక్షులు ఇద్దరైనంతమాత్రమున చాలదు, వారు వేరువేరుగా చూచినవారు కావలెను. ప్రయోగశాలలో ఒకే థర్మామీటరును ముగ్గురు చదివి "ముగ్గురికిని ఒకే విలువ వచ్చినది" అని వ్రాయు విద్యార్థులకు ఉపాధ్యాయులు ఈ సంగతి చెప్పవలెను.

ఇక మన యువకుడు చేయవలసినది స్వల్పమే. ఒక ఆప్‌నకు పగ్గముల నిచ్చి, రెండవదానిని ప్రక్కన కూర్చుండబెట్టవలెను. పగ్గములు ఒకరి చేతిలోనే యున్న బండి తిన్నగా సాగును. ప్రక్కనున్నవారు ఎందరైనను దారి చూచి ఆనందింపవచ్చును.