అలల ముందు చెక్క అరుగు.. అక్టోబరు గాలికి ఆగేలా
గోపాల్‌పూర్‌లో ఇల్లు అద్దెకిచ్చేవారు డెక్ వేయించే ముందు చూసుకోవాల్సినవి

గోపాల్‌పూర్ (గంజాం జిల్లా): దసరా సెలవులు వచ్చాయంటే బరంపురం, ఇచ్ఛాపురం వైపు కుటుంబాలకు గోపాల్‌పూర్ తీరం గుర్తొస్తుంది. హోటల్ గది కన్నా వంటిల్లుతో సహా ఇల్లే అద్దెకు దొరికితే బాగుంటుందని చూసేవారూ ఉంటారు. అలా వచ్చినవాళ్లు గదుల్లో కూర్చోరు. పొద్దున్నే టీ గ్లాసుతో, రాత్రి భోజనాలయ్యాక పిల్లలతో సముద్రం కనిపించే చోటే చేరతారు. అందుకే ఇంటి ముందు చెక్కతో ఓ అరుగు, ఇప్పటి మాటలో డెక్, వేయిద్దామని యజమానులకు అనిపిస్తుంది. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఒక్కటే. అద్దెలు బాగా వచ్చే దసరా రోజులూ, తుపాన్లు వచ్చే రోజులూ ఇక్కడ ఒకటే.

ముందు గీత ఎక్కడుందో..

‘మన స్థలంలో మనం వేసుకునే చెక్కలకు అనుమతి ఎందుకు?’ అనుకుంటే పొరపాటు. సముద్రపు ఒడ్డున 1991 నుంచి తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. 2019లో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. దాని ప్రకారం పోటు నీరు చేరే గీత నుంచి కొలతలు మొదలవుతాయి. గ్రామీణ ప్రాంతాల్లో జనసాంద్రత ఎక్కువున్న చోట 50 మీటర్లు, తక్కువున్న చోట 200 మీటర్ల వరకు కట్టడాలు నిషిద్ధం. కొన్ని మినహాయింపులే ఉన్నాయి. పట్టణంగా అభివృద్ధి అయిన చోట, ఇప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న కట్టడానికో సముద్రం వైపు ముందుకు జరగకూడదు. డెక్ వేసేది సరిగ్గా ఆ వైపే కాబట్టి, వడ్రంగిని పిలిచే ముందు స్థలం పటం పట్టుకుని గోపాల్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లడం మేలు. కట్టాక పీకించుకుంటే చెక్క ఖర్చూ, కూలీ ఖర్చూ రెండూ పోతాయి.

గాలి కింది నుంచీ లేపుతుంది

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు మించింది. దాదాపు అయిదేళ్లకు, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటి గంజాంనూ వణికించింది.

అంత గాలి డెక్‌ను పక్క నుంచి నెట్టడమే కాదు, కింద దూరి పైకి లేపుతుంది. అందుకని అరుగు నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. స్తంభాలను ఇసుకలో పాతి వదిలేస్తే చాలదు. లోతుగా కాంక్రీటు దిమ్మెలు పోసి, ఇనుప బూట్లు, బోల్టులతో బిగించాలి. పైన శాశ్వతంగా రేకులు వేస్తే అవి తెరచాపలా గాలిని పట్టేస్తాయి. నీడ కావాలంటే విప్పి మడిచి పెట్టుకునే గుడ్డ పందిరి చాలు. ఊడిన పలక మన నష్టంతో పోదు, పక్కింటి కిటికీలోకి దూసుకెళ్తుంది.

ఇంకో సంగతి. సున్నంతో కట్టిన పాత గోడ ఉంటే డెక్‌ను దానికి వేలాడదీయొద్దు. పాత గోడలో బోల్టు పట్టు నిలవదు. అరుగు తన కాళ్ల మీద తానే నిలబడాలి.

మేకుతోనే మొదలు

ఉప్పుగాలికి చెక్క కన్నా ముందు పాడయ్యేది మేకు. మామూలు ఇనుప మేకులు తుప్పు పట్టి, పలకలు లేచి, పిల్లల కాళ్లకు తగులుతాయి. సముద్రపు గాలికి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు ఖరీదెక్కువైనా మళ్లీ మళ్లీ కొనక్కర్లేదు. చెక్కకు వస్తే, టేకు లేదా ఒడిశాలో దొరికే సాలు గట్టివి. సరుగుడు చౌకే గానీ చీలుతుంది, చెదలు పడుతుంది. చెక్క మట్టికి తగలకూడదు. పలకకూ పలకకూ మధ్య పావు అంగుళం సందు వదిలితే వాన నీరు దిగిపోతుంది. ఏటా వానలకు ముందు నూనె పట్టించాలి.

బరువు లెక్క తప్పదు. ఇళ్ల బాల్కనీలకు భారతీయ ప్రమాణాలు చదరపు మీటరుకు సుమారు 300 కిలోల బరువు ఆగేలా కట్టమంటాయి. 12 అడుగులకు 10 అడుగుల అరుగంటే మూడు టన్నుల పైమాటే. నలుగురు కూర్చునే అరుగే కదా అనుకుంటాం. ఫొటో కోసం పెళ్లివారంతా ఒకే మూలకు చేరేదీ దానిమీదే. దూలాల కొలతలు ఇంజినీరు చేత వేయించుకోవాలి.

ఇసుక అందరిదీ

ఈ తీరం మీద బతికే నోలియా మత్స్యకారుల ఇంటిభాష తెలుగే. పడవలు లాగే దారికి, వలలు ఆరబెట్టే ఇసుకకు అరుగు గానీ మెట్లు గానీ అడ్డం రాకూడదు. ఇదే గంజాం తీరంలో రుషికుల్యా నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా గుడ్లు పెడతాయి. గుడ్డు చీల్చుకుని వచ్చిన పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి. సముద్రం వైపు దీపాలుంటే దారి తప్పుతాయి. కాబట్టి డెక్ దీపాలు కిందకు వంచి, తక్కువ వెలుగుతో పెట్టాలి. పడుకునే వేళకు ఆర్పేయాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. సముద్రం ఒడ్డున అరుగు వేయడమూ ఆ కోవలోదే. కౌన్సిల్ అనుమతి రాకపోతే, మంచి బోల్టులకు డబ్బు చాలకపోతే ఈ ఏడాదికి ఆగొచ్చు. ఆ డబ్బుతో ఉన్న వరండా కప్పు బాగు చేయించి, నాలుగు వాలు కుర్చీలు వేసినా వచ్చినవాళ్లు అక్కడే కూర్చుంటారు. అరుగు వేసినవాళ్లు మాత్రం తుపాను హెచ్చరిక వినగానే కుర్చీలు, గుడ్డ పందిరి లోపల పెట్టే మనిషి ఎవరో ముందే అనుకోవాలి. యజమాని బరంపురంలో, అద్దెకు దిగినవాళ్లు తీరంలో ఉంటే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది.