మెదడుతో మెత్తదనం.. పొగతో మన్నిక
అమెరికా ఆదివాసుల జింకతోలు వేట దుస్తులు

ధర్మవరం: జింక తోలు అనగానే మునులు ఆసీనులయ్యే కృష్ణాజినం స్ఫురిస్తుంది. ఉపనయన వేళ వటువు ధరించే అజినం గుర్తుకు వస్తుంది. మన ప్రాంతవాసులకైతే ధర్మవరం చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలు మదిలో మెదులుతాయి. ఒకప్పుడు ఆ బొమ్మలకు జింక తోలును కూడా వాడేవారు. నేడు మేక తోలుతోనే వాటిని రూపొందిస్తున్నారు. అయితే ఇదే జింక తోలును వస్త్రమంత మెత్తగా మలచి, దుస్తులుగా కుట్టుకొని వేటకు వెళ్లినవారు ఉత్తర అమెరికా ఆదివాసులు. ఆ తోలును ఆంగ్లంలో ‘బక్‌స్కిన్’ అంటారు.

తోలు ఒకటే.. పద్ధతులు వేరు

బొమ్మల కోసం తోలుపై వెంట్రుకలు తొలగించి, పలుచగా గీకి, బిగించి ఆరబెడతారు. అది గట్టిపడి, దీపపు వెలుగు చొరబడేలా తయారవుతుంది. చెప్పుల తోలును మన గ్రామాలలో లందల్లో తంగేడు చెక్క రసంలో నానబెట్టి పదును చేసేవారు. బక్‌స్కిన్ తయారీలో ఈ రెండు పద్ధతులూ కనిపించవు. అందులో ప్రధాన వస్తువులు జంతువు మెదడు, కట్టెల పొగ.

తయారీ ఇలా..

తొలుత తోలు లోపలి వైపునున్న మాంసం, కొవ్వు గీకివేస్తారు. పిదప నీటిలోగాని, బూడిద కలిపిన నీటిలోగాని కొన్ని రోజులు నానవేస్తారు. అనంతరం వాలుగా నిలిపిన దుంగపై పరచి, ఎముకతోగాని రాతితోగాని చేసిన పనిముట్టుతో వెంట్రుకలను, వాటి కిందనున్న నునుపైన పైపొరను తొలగిస్తారు. ఈ పొర మిగిలిపోతే తర్వాతి రసం లోపలికి సరిగా ఇంకదు.

తర్వాత మెదడును గోరువెచ్చని నీటిలో చిదిమి, ఆ ద్రవంలో తోలును నానబెట్టి పిండుతారు. మెదడులోని లెసిథిన్, కొవ్వు పదార్థాలు తోలు పోగుల మధ్యకు చేరి, ఆరేటప్పుడు అవి ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడతాయి. తడి పూర్తిగా ఆరేవరకు తోలును గంటల తరబడి లాగుతూ, సాగదీస్తూనే ఉండాలి. మధ్యలో విరామమిస్తే ఆ భాగం అట్టలా బిగుసుకుపోతుంది. శ్రమంతా ఇక్కడే ఉంది. మైదాన ప్రాంత తెగలలో ఈ పని ఎక్కువగా మహిళలే చేసేవారు.

చివరిది పొగ పెట్టడం. తోలును సంచిలా కుట్టి, పుచ్చిన కట్టెను మంట రాకుండా రాజేసిన గుంటపై వేలాడదీస్తారు. పొగలోని ఆల్డిహైడ్లు తోలు పోగులను స్థిరపరుస్తాయి. పొగ పట్టని తోలు తడిసి ఆరితే మళ్లీ గట్టిపడుతుంది. పొగ పట్టినది కాస్త నలిపితే చాలు, తిరిగి మెత్తబడుతుంది. తెల్లని తోలుకు గోధుమ వన్నె కూడా దీనివల్లే వస్తుంది.

వేటకు ఎందుకు?

జింక చెవులు చురుకైనవి. మెత్తని తోలు కొమ్మలకు రాసుకున్నా చప్పుడు కాదు. ముళ్లకు సులువుగా చిరగదు, గాలిని అడ్డుకుంటుంది. చొక్కా, కాళ్ల తొడుగులు, మొకాసిన్ అనే మెత్తని పాదరక్షలు దీనితోనే కుట్టేవారు. ఎముక సూదితో రంధ్రాలు చేసి, జంతువు వెన్ను వెంబడి తీసిన నరాలనే దారంగా వాడేవారు. ఒక చొక్కాకు రెండు మూడు తోళ్లు అవసరమయ్యేవి. ఫ్లోరిడాలోని తిముకువా తెగవారు జింక తోళ్లు కప్పుకొని జింకల చెంతకు చేరుతున్న చిత్రం 1591లో ఐరోపాలో ముద్రితమైంది. అయితే జోరువానలో ఈ దుస్తులు బరువెక్కి సాగిపోతాయి. ఉన్ని వస్త్రం రాకతో వాటి వాడకం తగ్గడానికి ఇదీ ఒక కారణం.

అంగడికెక్కాక..

ఇంటి అవసరానికి వేటాడినంత కాలం జింకలకు కొరత రాలేదు. 18వ శతాబ్దంలో ఐరోపా వర్తకుల రాకతో పరిస్థితి తారుమారైంది. చెరోకీ, క్రీక్ తెగల వేటగాళ్లు తెచ్చిన తోళ్లు చార్లెస్టన్ రేవు నుంచి ఏటా వేల సంఖ్యలో ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేవి. బదులుగా తుపాకులు, బట్టలు, సారా దక్కేవి. తోలే నాణెంగా చెలామణి అయింది. నేడు అమెరికాలోని మన పిల్లలు డాలరును ‘బక్’ అనడం నాటి జింకతోలు లెక్కల నుంచి వచ్చినదేనని చెబుతారు. తోళ్ల కోసం, మాంసం కోసం సాగిన ఈ వ్యాపార వేటతో 1900 నాటికి అక్కడ జింకలు చాలా ప్రాంతాలలో కనుమరుగయ్యాయి. ఆ ఏడాదే అక్రమ వేట సరుకు రవాణాను నిషేధిస్తూ లేసీ చట్టం వచ్చింది. కట్టుదిట్టమైన నియంత్రణతో జింకల సంఖ్య మళ్లీ పెరిగింది. ఇప్పుడు అక్కడ లైసెన్సుతో, నిర్ణీత కాలంలో మాత్రమే వేటకు అనుమతి ఉంది. ఆదివాసీ కుటుంబాలు కొన్ని ఈ విద్యను నేటికీ కొనసాగిస్తున్నాయి.

ఇక్కడ నేరం

మన దేశంలో పరిస్థితి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకలను వేటాడటం, వాటి తోళ్లు కొనడం, అమ్మడం నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దానిని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పూజ కోసమని ఎవరైనా జింక తోలు అమ్మజూపినా కొనరాదు. నిమ్మలకుంట కళాకారులు మేక తోలుకు మారినా వారి కళ ఆగలేదు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించడమే అందుకు నిదర్శనం.