మత్తులో స్టీరింగ్: జరిమానాతో తీరని రుణం

విశ్వాసానికి డెబ్బైకి పైగా శాఖలున్నాయనీ, వాటిలో అన్నింటికన్నా చిన్నది దారిలో నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడమనీ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించారు. మదరసాలో ఈ హదీసును పిల్లలకు చెప్పేటప్పుడు ముల్లు, రాయి, గాజుపెంకు ఉదాహరణలుగా చూపిస్తాము. ఒక మనిషి తానే ఆ ముల్లుగా, ఆ రాయిగా మారి దారిమీదికి వస్తే అతని విశ్వాసం సంగతేమిటన్న ప్రశ్న మాకు చాలా ఆలస్యంగా తట్టింది. అది తట్టిన విధం పాఠకులకు చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాము.

విశాఖ వంటి నగరంలో రాత్రి అంటే విశ్రాంతి కాదు. కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్ దాకా పోర్టు ట్రైలర్లు బారులు తీరి ఉంటాయి. గాజువాక, కూర్మన్నపాలెం రోడ్లపై ఉక్కు కర్మాగారం షిఫ్టు ముగించుకొని ఇళ్లకు మళ్లే కార్మికులు ద్విచక్రవాహనాల మీద, సైకిళ్ల మీద సాగిపోతుంటారు. పక్క లేన్‌లో వస్తున్న వ్యక్తి తెలివిలో ఉన్నాడన్న నమ్మకం మీదనే వారి ప్రాణాలు నిలిచి ఉన్నాయి. ఆ నమ్మకం ఒక అమానతు. మద్యం సేవించి వాహనం నడిపేవాడు ముందుగా ఆ అమానతునే కాజేస్తున్నాడు.

కొన్నేళ్ల క్రితం ఒకనాడు ఇషా నమాజు తరువాత మా విద్యార్థి తల్లి ఒకరు మదరసా గుమ్మం వద్దకు వచ్చారు. ఆమె పెద్దకుమారుడు లారీ డ్రైవరు. తనిఖీలో పట్టుబడ్డాడు. “హజ్రత్, మీరు ఒక్క మాట చెప్పించండి. లైసెన్సు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. మళ్లీ తాగనని నామీద ఒట్టు వేశాడు” అని కన్నీళ్లు పెట్టుకున్నారు. మాకు జాలి కలిగింది. పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషికి ఫోను చేశాము. ఆ రాత్రి విషయం అక్కడితో ముగిసింది. ఆ తల్లి దుఆలు ఇస్తూ వెళ్లారు. మంచిపని చేశామనే అనుకున్నాము.

ఆ ఫోనుకు ఏమి ఫలితం వచ్చిందో చెప్పే ముందు, ఆనాడు మాకే సరిగా తెలియని చట్టాన్ని చూద్దాం.

చట్టం ఏమి చెబుతోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం, వాహనం నడిపే వ్యక్తి రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే అది నేరం. మాదకద్రవ్యాల ప్రభావంలో, వాహనాన్ని అదుపులో ఉంచలేని స్థితిలో నడిపినా అంతే. మొదటిసారి పట్టుబడితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సెప్టెంబరు 1కి ముందు ఈ జరిమానాలు 2,000, 3,000 రూపాయలే. సవరణతో అవి ఐదు రెట్లయ్యాయి. లైసెన్సుపై వేటు పడటం వీటికి అదనం. డ్రైవింగే జీవనాధారమైన వానికి అదే అన్నింటికన్నా పెద్ద శిక్ష.

ఊదడానికి నిరాకరిస్తే తప్పించుకోవచ్చని కొందరు యువకులు అనుకుంటారు. సరైన కారణం లేకుండా పరీక్షకు నిరాకరించడాన్ని కోర్టు అతనికి వ్యతిరేకంగా పరిగణించే వీలు అదే చట్టంలో ఉంది.

ప్రాణం పోతే లెక్క పూర్తిగా మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యం వల్ల మరణానికి 5 సంవత్సరాల వరకు జైలు విధిస్తోంది. పాత శిక్షాస్మృతిలో ఇది 2 సంవత్సరాలే. మత్తులో నడపడాన్ని కేవలం నిర్లక్ష్యంగా చూడనక్కరలేదని కూడా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2006 నవంబరులో ముంబయి కార్టర్ రోడ్డులో పేవ్‌మెంటుపై నిద్రిస్తున్న కూలీల మీదికి ఒక కారు దూసుకువెళ్లి ఏడుగురు మరణించారు. ఆ కేసులో మద్యం సేవించి నడిపిన వ్యక్తి, తన చర్య ప్రాణాలు తీయగలదని తెలిసి చేసినవాడేనని, హత్య కిందికి రాని నరహత్య నేరాన్ని 2012లో న్యాయస్థానం సమర్థించింది.

మన విశాఖలో 2023లో మరో విధమైన తీర్పు వచ్చింది. మద్యం సేవించి వాహనాలు నడుపుతూ పట్టుబడిన సుమారు యాభై మందిని ఆర్కే బీచ్‌లో చెత్త ఏరవలసిందిగా న్యాయస్థానం ఆదేశించింది. ఆ వార్త చదివి నవ్వుకున్నవారు ఉన్నారు. మేము నవ్వలేకపోయాము. దారిలో బాధ కలిగించే వస్తువుగా మారినవారి చేతనే దారి శుభ్రం చేయించడంలో హదీసు అంతరార్థమే మాకు కనిపించింది.

ఇంటివారు కూడా చట్టం పరిధిలోనే

చాలా కుటుంబాలకు తెలియని విషయం ఒకటుంది. అదే చట్టంలోని 188వ సెక్షన్ ప్రకారం, మత్తులో వాహనం నడిపే నేరానికి ప్రోద్బలం ఇచ్చినవానికి కూడా ఆ నేరానికి ఉన్న శిక్షే వర్తిస్తుంది. మైనరు బాలుడు వాహనం నడిపి నేరం చేస్తే 199ఎ సెక్షన్ కింద తండ్రి లేదా సంరక్షకుడు, వాహన యజమాని దోషులవుతారు. వారికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ వాహనం రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ బాలునికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు రాదు. పదవ తరగతి పాసైన కుమారునికి బైకు తాళంచెవి బహుమతిగా ఇచ్చే తండ్రులు ఈ వాక్యాలను రెండుసార్లు చదవాలి.

ఇందులో షరీఅత్ దృష్టి మరింత లోతైనది. మద్యం విషయంలో తాగినవాడు ఒక్కడే కాక, తయారుచేసినవాడు, మోసినవాడు, మోయించుకున్నవాడు, పోసినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు, దాని ధర తిన్నవాడు సహా పదిమంది శాపగ్రస్తులని హదీసు తెలుపుతోంది. పాపాన్ని గొలుసుగా చూడమని ప్రవక్త (సఅసం) నేర్పారు. ఆ గొలుసులో తమ చేయి ఎక్కడైనా ఉందేమోనని ఇంటివారు చూసుకోవాలి.

మరొక భ్రమను కూడా తొలగించవలసి ఉంది. చట్టం 30 మిల్లీగ్రాముల వరకు సహిస్తోంది కదా, ఒక్క గుక్క ఫరవాలేదని అనేవారున్నారు. ఆ కొలత పోలీసులకు, కోర్టుకు. విశ్వాసికి కాదు. ఎక్కువ మోతాదులో మత్తు కలిగించేది కొద్దిగా అయినా హరామే. ఖుర్ఆన్ మద్యాన్ని క్రమక్రమంగా నిషేధించింది. దాని నష్టం దాని లాభం కంటే పెద్దదని మొదట (అల్ బఖరా: 219), మత్తులో నమాజును సమీపించవద్దని తరువాత (అన్ నిసా: 43), చివరకు దానిని షైతాను చర్యగా ప్రకటించి పూర్తిగా దూరంగా ఉండమని (అల్ మాయిదా: 90) ఆదేశించింది. నోట పలికేది ఏమిటో తెలియని స్థితిలో నమాజుకే నిలబడరాదన్నప్పుడు, ఆ స్థితిలో పరుల ప్రాణాల మధ్యకు వాహనం తోలుకుపోవడానికి అనుమతి ఎక్కడిది?

సిఫార్సు అనే పాపం

ఇప్పుడు మా కథకు వద్దాం. ఆ ఫోను చేసిన ఆరు నెలలు తిరగకుండానే అదే యువకుడు మళ్లీ మద్యం సేవించి, రాత్రివేళ సైకిలుపై ఇంటికి వెళ్తున్న ఒక కాంట్రాక్టు కార్మికుణ్ణి ఢీకొట్టాడు. ఆయన ప్రాణం దక్కింది. ఒక కాలు మోకాలి కిందికి తీసివేయవలసి వచ్చింది. ఇంటరు చదువుతున్న ఆయన కుమారుడు చదువు మానుకొని పనిలో చేరాడు.

ఆ వార్త విన్న రాత్రి మాకు, ఏళ్ల తరబడి విద్యార్థులకు బోధించిన హదీసే గుర్తుకు వచ్చింది. మఖ్జూమ్ వంశానికి చెందిన ఒక స్త్రీ దొంగతనం చేసినప్పుడు, ఆమె గొప్పింటిది కనుక శిక్ష తప్పించాలని బంధువులు హజ్రత్ ఉసామా (రజి) చేత సిఫార్సు చేయించారు. తనకు ఎంతో ప్రియమైన ఉసామా మాటను కూడా ప్రవక్త (సఅసం) తిరస్కరించారు. పూర్వజాతులు నాశనమైనది గొప్పవారిని వదిలి బలహీనులను శిక్షించినందువల్లనేనని హెచ్చరించారు. తన కుమార్తె ఫాతిమా (రజి) అయినా ఇదే తీర్పని ప్రకటించారు. బుఖారీలో, ముస్లింలో ఉన్న ఈ హదీసు మాకు సనదుతో సహా కంఠస్థం. అయినా గుమ్మం ముందు ఒక తల్లి ఏడ్చినప్పుడు అది మా నాలుక మీదనే ఉండిపోయింది, చేతి దాకా రాలేదు.

ఆ రాత్రి అతని లైసెన్సు పోయి ఉంటే ఆ ఇంట్లో కొన్ని నెలలు కష్టంగా గడిచేది. దానిని జమాఅత్‌గా మనం భరించగలిగేవాళ్లం. జకాత్, సదఖా ఉన్నవి అందుకే. మేము అతనిని శిక్ష నుంచి కాపాడామనుకున్నాము. నిజానికి అతని శిక్షను మరొకరి కాలి మీదికి మళ్లించాము.

ఎవరికి ఎవరు బాకీ?

జరిమానా కట్టిన రసీదుతో లెక్క తీరిపోయిందని అనుకోవడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ఆ సొమ్ము ప్రభుత్వానికి చేరుతుంది. కాలు పోయినవాని హక్కు అలాగే మిగిలి ఉంటుంది. అల్లాహ్ తన హక్కుల విషయంలో తౌబాను స్వీకరిస్తాడు. దాసుల హక్కులను బాధితుడే మన్నించాలి, లేదా నష్టం పూడ్చాలి. నమాజులు, ఉపవాసాలు మోసుకువచ్చి, పరులను బాధించినందుకు తన పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చి ఖాళీ చేతులతో మిగిలే వ్యక్తినే ప్రవక్త (సఅసం) నిజమైన దివాళాకోరు అన్నారు. ప్రాణమే పోతే, పొరపాటున జరిగిన మరణానికైనా మృతుని కుటుంబానికి పరిహారం, హంతకునికి ప్రాయశ్చిత్తం ఉన్నాయని ఖుర్ఆన్ (అన్ నిసా: 92) చెబుతోంది. బానిసలు లేని ఈ కాలంలో ఆ ప్రాయశ్చిత్తం వరుసగా రెండు నెలల ఉపవాసాలు. దేశ చట్టం విధించే శిక్షను అనుభవించినంత మాత్రాన ఇది మాఫీ కాదు.

ఒక్కడి మత్తు ఎంతమందిని చుట్టుకుంటుందో 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద చూశాము. మద్యం సేవించి బైకు నడిపిన యువకుడు డివైడరును ఢీకొని మరణించాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకును హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు ఈడ్చుకుపోగా మంటలు చెలరేగి 19 మంది ప్రయాణికులు సజీవదహనమయ్యారు. ఆ యువకునికి వారెవరో తెలియదు. వారు బస్సులో నిద్రలో ఉన్నారు.

ఇంట్లో చేయవలసినది

తాగి వచ్చిన కుమారుని చేతిలో నుంచి తాళంచెవి తీసుకోవడం తల్లికి అగౌరవం కాదు, ఆమె హక్కు. పట్టుబడితే నిజం చెప్పించి న్యాయస్థానం ముందు నిలబెట్టండి. సిఫార్సు వెతకవద్దు. మసీదు కమిటీ పెద్దలు కూడా అటువంటి ఫోన్లు చేయబోమని తీర్మానించుకోవాలి. వ్యసనం ముదిరితే దానిని దాచిపెట్టవలసిన అవమానంగా కాక, చికిత్స చేయించవలసిన రోగంగా చూడండి. మన నగరంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. మత్తు విముక్తికి 14446 ఉచిత ఫోను సహాయం ఉంది. లైసెన్సు కోల్పోయినవాని పిల్లలు పస్తులుండకుండా చూడటం జమాఅత్ పని. శిక్షను తప్పించడం మాత్రం దాని పని కాదు.

ఆ కార్మికుని ఇంటికి మేము రెండుసార్లు వెళ్లాము. మొదటిసారి పండ్లు తీసుకొని పరామర్శకు వెళ్లి, చెప్పవలసిన మాట చెప్పలేక తిరిగివచ్చాము. రెండవసారి ఆ ఫోను సంగతి చెప్పి క్షమాపణ అడిగాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. చివరకు, “టీ తాగి వెళ్లండి, మౌల్వీగారూ” అన్నారు. క్షమించానని అనలేదు. అడిగే హక్కు మాకు లేదు. ఆయన కుమారుని చదువు ఖర్చు భరిస్తామని కబురు పంపాము. ఆ బాలుడు ఈ సంవత్సరం మళ్లీ కళాశాలలో చేరాడు. ఆ ఒక్క మాట కోసం మాత్రం మేము ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాము.

ఓ అల్లాహ్! మా బిడ్డలను మత్తు నుంచి, మమ్మల్ని తప్పుడు జాలి నుంచి కాపాడు. మా వల్ల బాధపడినవారి హృదయాలను మా పట్ల మెత్తబరచు. మమ్మల్ని దారిలో ముళ్లుగా కాక, ముళ్లు తీసేవారిగా చేయి. ఆమీన్.