ఉద్యోగిని తీసేసే ముందు లాయరు అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపు ఉందనుకుందాం. స్పేర్ పార్టులు లెక్కకు రావడం లేదు. యజమానికి స్టోర్‌కీపర్ మీద అనుమానం. ‘రేపట్నుంచి రావద్దని చెప్పేయనా, రాజీనామా రాయించుకోనా?’ అని లేబర్ కేసులు చూసే లాయరును అడుగుతాడు. రెండూ వద్దంటాడు లాయరు. బెదిరించి రాయించుకున్న రాజీనామా చెల్లదు; అది రుజువైతే యజమానే ఇరుక్కుంటాడు.

లేబర్ లాయరంటే కోర్టులో వాదించే మనిషనే చాలామందికి తెలుసు. కంపెనీలకు సలహా ఇచ్చేవారి పనిలో ఎక్కువ భాగం కేసు పుట్టకముందే జరుగుతుంది. పోయిన వస్తువేది? ఏ తేదీన పోయింది? ఎవరు చూశారు? స్టాక్ రిజిస్టర్ ఏమంటోంది? స్టోర్ తాళం ఇంకెవరి దగ్గరైనా ఉందా? వీటికి జవాబులుంటేనే ఉద్యోగికి ఇచ్చే చార్జిషీటు (ఆరోపణల పత్రం) నిలుస్తుంది. ‘అవకతవకలకు పాల్పడ్డారు’ అని ఊరుకుంటే ఆ ఉద్యోగి దేనికి సంజాయిషీ ఇవ్వాలి?

సంజాయిషీ వచ్చాక, అది తృప్తికరంగా లేకపోతే డొమెస్టిక్ ఎంక్వైరీ, అంటే సంస్థే జరిపే విచారణ. చిన్న సంస్థలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. దొంగతనం చూశానన్న మేనేజరే విచారణాధికారిగా కూర్చోకూడదు. సాక్షులను ప్రశ్నించే అవకాశం ఉద్యోగికి ఇవ్వాలి. శిక్ష నిర్ణయించకముందే విచారణ నివేదిక కాపీ అతనికి అందాలి. ఈ చివరి నియమాన్ని సుప్రీంకోర్టు 1993లో ఖాయం చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులోనే. అది ప్రభుత్వ సంస్థలకే కాదు, ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుందని అందులోనే చెప్పింది.

ఇదంతా దండగని విసుక్కునే యజమానులున్నారు. విచారణలో లోపముంటే కేసు నడిచేటప్పుడు మళ్లీ సాక్ష్యం పెట్టుకునే వీలుంది, నిజమే. అప్పటికి సాక్షులు ఉద్యోగాలు మారిపోయి ఉంటారు. తొలగింపు అక్రమమని తేలితే తిరిగి ఉద్యోగంలోకి తీసుకుని, పాత జీతం కూడా ఇవ్వడమే సాధారణ సూత్రమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఏళ్ల జీతం ఒక్కసారి కట్టాల్సి వస్తే చిన్న వర్క్‌షాపు కోలుకోవడం కష్టం.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతన కోడ్ ప్రకారం ఉద్యోగిని తీసేసినా, అతనే మానేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ‘దొంగతనం చేసినవాడికి జీతమేమిటి’ అని ఆపుకోవడం కుదరదు. గ్రాట్యుటీకి అర్హత ఉంటే, దాన్నీ కేవలం అనుమానంతో ఆపలేరు.

యజమాని డబ్బు తీసుకునే లాయరు ఉద్యోగి వైపు మాట్లాడుతున్నాడేమిటని కొందరికి అనిపించవచ్చు. నా దృష్టిలో అతను యజమానికి చేసే పెద్ద మేలు అదే. పైగా ఆ ప్రశ్నల వల్లే తాళం ఇంకొకరి దగ్గర కూడా ఉందని బయటపడి, ఒక నిర్దోషి ఉద్యోగం నిలబడవచ్చు.

పదిమందితో పని చేయించుకునే ప్రతి యజమానికీ నా విన్నపం: తొలగింపు ఉత్తరం మీద సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే లాయరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు రిజిస్టర్లు కూడా పట్టుకెళ్లండి.