కాసరకాయ పొడి, తిరుపతి ఎలుకలు

వానలు పడ్డాయంటే నల్లరేగడి చేలలో కాసర తీగ లేస్తుంది. విత్తేవాళ్లుండరు, నీళ్లు పెట్టేవాళ్లుండరు. నేలలో దాగిన దుంపే చిగురు వేసి పైకి పాకుతుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు ఇళ్లలో ఆ రోజుల్లో కాసరకాయ వేపుడే. కాకర జాతికి చెందిన ఈ చిన్న కాయ తింటే షుగర్ అదుపులో ఉంటుందని పెద్దవాళ్లు గట్టిగా చెబుతారు.

ఆ మాటను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జీవరసాయన శాస్త్ర పరిశోధకులు పరీక్షకు పెట్టారు. 1999లో ఆ ఫలితాలు జర్నల్ ఆఫ్ ఎథ్నోఫార్మకాలజీలో అచ్చయ్యాయి.

ముందు ఎలుకలకు షుగర్ తెప్పించాలి. అందుకు వాడేది అల్లోక్సాన్ అనే రసాయనం. 1943లో గ్లాస్గో శాస్త్రవేత్తలు మూత్రపిండాల మీద ఏదో పరిశోధన చేస్తుండగా, ఇది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తోందని బయటపడింది. అప్పటి నుంచి మధుమేహ పరిశోధనకు అదొక సాధనమైంది.

తిరుపతిలో షుగర్ ఉన్న ఎలుకలకూ, ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకూ 15 రోజుల పాటు కాసరకాయ పొడి నోటి ద్వారా ఇచ్చారు. షుగర్ ఉన్న ఎలుకల్లో పరగడుపు గ్లూకోజ్ బాగా తగ్గింది. కాలేయంలో గ్లైకోజెన్ నిల్వ పెరిగింది, రక్తంలో కొవ్వుల లెక్క మెరుగుపడింది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్లో మాత్రం గ్లూకోజ్ తగ్గలేదు. ఈ అధ్యయనంలో అన్నిటికన్నా విలువైన కబురు ఇదే. షుగర్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకేలా చక్కెర పడగొట్టేదైతే ప్రమాదం. ఇక్కడ అలా జరగలేదు.

అంతమాత్రాన మాత్రలు పక్కన పెట్టేయవచ్చా? కుదరదు. అల్లోక్సాన్ ఎలుకకు బీటా కణాలే నాశనమయ్యాయి. మన ఊళ్లలో ఎక్కువమందికి ఉన్నది టైప్ 2. అందులో ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట సరిగా వినదు. మోతాదు సంగతీ అంతే. 200 గ్రాముల ఎలుక కంటే 60 కిలోల మనిషి 300 రెట్లు బరువు కదా అని పొడిని 300 రెట్లు చేయకూడదు. ఎలుకకు కిలోకు ఇచ్చిన మోతాదును సుమారు ఆరుతో భాగించి మనిషి లెక్క మొదలుపెడతారు. అది కూడా పరీక్షకు ఆరంభం మాత్రమే. ప్రాణం పెట్టిన ఆ జీవుల రుణం తీరాలంటే ఫలితాన్ని ఉన్నంత మేరకే చదవాలి.

మనుషుల మీద పరీక్ష దాకా వెళ్లిన మరో మందు చెట్టు నల్లమల అడవుల్లోనే ఉంది, వేగిస. దాని మీద భారత వైద్య పరిశోధన మండలి చేయించిన అధ్యయనం 1998లో వెలువడింది. 97 మంది టైప్ 2 రోగుల్లో 67 మందికి షుగర్ అదుపులోకి వచ్చింది. అయితే పోల్చి చూడటానికి మందు ఇవ్వని బృందం అందులో లేదు.

కాసరకాయను కూరగా తినడానికి ఇవేవీ అడ్డు కావు. పొడి చేసి రోజూ మందులా మింగాలనుకుంటే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే షుగర్ మాత్రలతో కలిస్తే గ్లూకోజ్ మరీ పడిపోవచ్చు. ఇక దుంప జోలికి అసలు పోకూడదు. గర్భం పోవడానికి దాన్ని వాడే అలవాటు పూర్వం నుంచీ ఉంది, ఎలుకల మీద పరీక్షల్లోనూ దుంప సారానికి ఆ గుణం కనిపించింది. కాయ మీద వచ్చిన మంచి ఫలితం దుంపకు వర్తించదు.