తండ్రి పేరే తరుముతుంటే...

జోరున వాన. చిన్న రైల్వే స్టేషన్. ఊరు ఊరంతా గొడుగులు పట్టుకుని చీకట్లో నిలబడి ఉంది. రైలు దిగబోయేది దొరవారి కొడుకు. ఎక్కడో దూరదేశంలో పెరిగి, చదువుకుని, పెళ్లాం బిడ్డలతో తండ్రి ఊరికి మొదటిసారి వస్తున్నాడు. పాపం, అతను మంచి మాట నాలుగు చెబుదామని నోరు తెరుస్తాడు. జనం మొహాలు తిప్పుకుని ఎటువాళ్లు అటు వెళ్లిపోతారు!

1939 జనవరిలో అమెరికాలో విడుదలైన ‘సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్’ సినిమాలో మొదట్లో వచ్చే సీను ఇది. సెలవు రోజు రూములో నలుగురు చేరి దెయ్యాల సినిమా పెట్టుకోవడం మన వాళ్లకు కొత్తేమీ కాదు. ఈ పాత సినిమా కూడా ఓసారి చూడమని మేము అంటున్నది మాత్రం భయపడటానికి కాదు. ‘వాళ్ల వంశంలోనే పిచ్చి ఉందట’ అన్న ఒక్క మాట మన ఊళ్లలో ఎన్ని సంబంధాలు తప్పించిందో మనకు తెలుసు. సరిగ్గా ఆ మాట చుట్టూనే ఈ కథ తిరుగుతుంది.

ముందు ఓ సంగతి. ఫ్రాంకెన్‌స్టీన్ అనేది భూతం పేరు కాదు. దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త పేరు. మేరీ షెల్లీ అనే ఇంగ్లీషు రచయిత్రి 1816లో, పద్దెనిమిదేళ్ల వయసులో ఈ కథ మొదలుపెట్టారు. 1818లో నవల అచ్చయింది. అందులో శాస్త్రవేత్త తను ప్రాణం పోసిన జీవిని చూసి తనే జడుసుకుని వదిలేసి పారిపోతాడు. ఆదరించే దిక్కు లేక, కనిపించిన ప్రతివాడూ తరిమికొట్టగా ఆ జీవి చివరికి హత్యలకు దిగుతుంది. పుట్టుకలో దోషం ఉందని మేరీ షెల్లీ ఎక్కడా అనలేదు. 1931లో యూనివర్సల్ కంపెనీ సినిమా తీసినప్పుడు ఓ మెలిక పెట్టింది. పనివాడు మంచి మెదడున్న సీసాను జారవిడిచి, నేరస్తుడి మెదడున్న సీసా పట్టుకొస్తాడు. ఇంకేముంది? తప్పంతా మెదడు మీదికి పోయింది!

1935లో రెండో భాగం వచ్చింది. 1938లో లాస్ ఏంజెలెస్‌లో ఓ హాలు వాళ్లు పాత ‘డ్రాక్యులా’, ‘ఫ్రాంకెన్‌స్టీన్’ కలిపి వేస్తే జనం ఎగబడ్డారు. ఆ ఊపు చూసి కంపెనీ మూడో భాగానికి దిగింది. మెదడు అయిపోయింది కాబట్టి ఈసారి రక్తం వంతు.

కొడుకు పేరు వుల్ఫ్. కోటతో పాటు తండ్రి కాగితాలూ, ఓ ఉత్తరమూ అతని చేతికొస్తాయి. నా దారిలో నడుస్తావో లేదో నీ ఇష్టం అన్నట్టుంటుంది ఆ ఉత్తరం. తండ్రి చేసిన అప్పు కొడుకు మెడకు చుట్టుకున్నట్టే అనుకోండి. కోట పక్కన పాడుబడ్డ ప్రయోగశాలలో ఇగోర్ అనేవాడు తిరుగుతుంటాడు. శవాలు దొంగిలించాడని ఉరి తీస్తే మెడ విరిగింది కానీ చావలేదు. స్పృహ లేకుండా పడి ఉన్న భూతాన్ని వాడే దాచిపెట్టాడు. దాన్ని బాగుచేయమని వుల్ఫ్‌ను బతిమాలతాడు.

ఇక్కడి నుంచి డాక్టరు గారి వరస మారిపోతుంది. ఎక్స్‌రే తీస్తాడు, రక్తం పరీక్షిస్తాడు. గుండెలో రెండు తూటాలున్నా కొట్టుకుంటోందని తెలిసి చిన్నపిల్లాడిలా సంబరపడతాడు. తండ్రి సమాధి మీద ఎవరో ‘భూతాలను చేసినవాడు’ అని గీకితే, కొట్టేసి ‘మనుషులను చేసినవాడు’ అని మారుస్తాడు. మాకు సినిమా మొత్తంలో గుచ్చుకున్నది ఈ చోటే. అతన్ని ఆడిస్తున్నది రక్తమా? ఊరంతా తిడుతున్న నాన్న పేరు నిలబెట్టాలన్న పంతమా?

మరోవైపు ఊళ్లో హత్యలు. ఇగోర్‌కు ఉరిశిక్ష వేసిన జ్యూరీ పెద్దలు ఒక్కొక్కరే పోతుంటారు. చిన్నప్పుడు భూతం చేతిలో చెయ్యి పోగొట్టుకున్న ఇన్‌స్పెక్టర్ క్రోగ్ కొయ్యచేత్తో తిరుగుతూ కూపీ లాగుతాడు. చివరికి భూతం మరుగుతున్న గంధకంలో పడుతుంది. వుల్ఫ్ కోటను ఊరివాళ్లకే రాసిచ్చి రైలెక్కేస్తాడు. పిచ్చి రక్తంలోదే అయితే రైలు టిక్కెట్టుతో వదిలిపోతుందా? 1942లో వచ్చిన తర్వాతి భాగంలో రెండో కొడుకును చూపించారు. ఆయన పిచ్చికి వైద్యం చేసే డాక్టరు. ఆయన్నీ తండ్రి దారే పట్టించారు!

సినిమా సంగతి సరే. మరి డాక్టర్లు ఏమంటున్నారు? వంశానికి పాత్ర అసలు లేదని వాళ్లూ అనరు. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు సాధారణంగా వందలో ఒకరికి దాకా వస్తే, తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ జబ్బున్న పిల్లల్లో సుమారు పది మందికి వస్తుంది. అంటే తొంభై మందికి రాదు. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి తప్పక వస్తుందని లేదు. కానీ మన దగ్గర జరిగేదేమిటి? గల్ఫ్‌లో జీతం ఆగి, నెలల తరబడి నిద్ర లేక, ఇంటి అప్పు తలుచుకుని మనసు చెదిరిన మనిషి ఊరికి తిరిగొస్తే, ‘తాతకూ ఇట్లనే ఉండె’ అని తేల్చేస్తారు. ఆ జీతం సంగతి ఎవరూ అడగరు. డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి కూడా వెనకాడతారు, పిల్లలకు పేరొస్తుందని. ఇంటి దగ్గర ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే 14416కు ఫోన్ చేయమని చెప్పండి. భారత ప్రభుత్వం 2022లో ‘టెలీ మానస్’ పేరుతో పెట్టిన ఉచిత లైను అది. తెలుగులోనూ మాట్లాడతారు.

మళ్లీ సినిమాకొస్తే, భూతం వేషం వేసిన బోరిస్ కార్లోఫ్ 1909లో ఇంగ్లండు నుంచి కెనడాకు వలసపోయి, వేషాలు లేని రోజుల్లో కూలిపనులు చేసి బతికినవాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు మన దేశంలోనే బ్రిటిష్ సర్కారు ఉప్పు శాఖలో ఉద్యోగం చేశారు. గంటల తరబడి మేకప్పు, బరువు బూట్లు భరించిన కార్లోఫ్, 1933లో నటుల యూనియన్ పెట్టినప్పుడు మొదటి సభ్యుల్లో ఒకడయ్యాడు.

ఇగోర్‌గా చేసిన బేలా లుగోసీ హంగేరీ నుంచి వలస వచ్చినవాడు. ‘డ్రాక్యులా’తో వెలిగి, 1938 నాటికి పని లేక ఇల్లు కూడా పోగొట్టుకున్నాడు. కంపెనీ అతన్ని వారానికి 500 డాలర్లకే మాట్లాడుకుని, సీన్లన్నీ ఒక్క వారంలో లాగించేయాలని చూసిందని చెబుతారు. డైరెక్టర్ రోలాండ్ లీకి అది నచ్చలేదు. ఇగోర్ పాత్రను పెంచుకుంటూ పోయి, అతన్ని షూటింగ్ ఆఖరిదాకా ఉంచాడు. సినిమా చూశాక భూతం కంటే ఆ మెడ విరిగినవాడే ఎక్కువ గుర్తుంటాడు.