వరద గోదారి, సినిమా వరద

భద్రాచలం వాళ్ళకు నీళ్ళ గురించి అబద్ధం చెప్పడం కష్టం. కరకట్ట మీద నిలబడి గోదారిని అడుగుల్లో చదివే ఊరది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చిందని అప్పటికి పుట్టని పిల్లలు కూడా గడగడా చెప్పేస్తారు. 2022 జులైలో 71.3 అడుగులైతే వాళ్ళే కళ్ళారా చూశారు. అలాంటి పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని భారీ సినిమా చూస్తే మీకే తెలుస్తుంది. తెర మీద వరద ఇలా విరుచుకుపడిందో లేదో, మా మనవడు తేల్చేస్తాడు: "గ్రాఫిక్స్, తాతయ్యా!"

ఎట్లా తెలిసిందిరా అంటే మాత్రం నీళ్ళు నములుతాడు. "నీళ్ళు అట్లా రావు" అంటాడు, అంతే. వాడి మాటలో సైన్సుంది, విప్పి చూద్దాం.

మన గోదారి వరదకు దూకుడుండదు. స్నానఘట్టాల దగ్గర ఒక మెట్టు మునుగుతుంది, టీ తాగి వచ్చేసరికి ఇంకోటి మునుగుతుంది. పైకి చూస్తే నీరు నున్నగా ఉంటుంది. కానీ అడుగు నుంచి పొంగు లేచి, పైన గుండ్రంగా విచ్చుకుని, పక్కకు జారిపోతుంటుంది. దాని అంచున సుడి. ఎక్కడో అడవిలో వేళ్ళతో సహా పెకలించుకొచ్చిన మాను ఒకటి, సగం మునిగి, తాపీగా తిరుగుతూ పోతుంటుంది. రంగు సంగతి సరేసరి. ఒండ్రు కలిసిన నీరు కాబట్టి వెలుగు లోపలికి దిగదు, పైపైనే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. అందుకే ఎర్రగా, చిక్కగా, మందంగా కనిపిస్తుంది. ఆఖరికి నురగ కూడా తెల్లగా ఉండదు. సినిమా వరదేమో నీలంగా, అద్దంలా మెరుస్తూ, తాటిచెట్టంత ఎత్తున లేచి వస్తుంది. ఆనకట్ట తెగితేనో సునామీ వస్తేనో నీరు గోడలా లేస్తుంది గానీ, వానకు పెరిగిన గోదారిలాంటి పెద్ద నది అలా లేవదు. కంప్యూటర్‌కు నీలం రంగు వేయమని చెప్పింది మనిషే, ఆ తప్పు దాని మీదకు తోయకూడదు.

కంప్యూటర్ లేని రోజుల్లో ఏం చేసేవాళ్ళని అడుగుతారు పిల్లలు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం వాళ్ళు తీగెలు, తెరలు, నిప్పురవ్వలతోనే రెండు బాణాలను గాలిలో ఢీకొట్టించేవాళ్ళు, ఘటోత్కచుణ్ణి ఎగిరించేవాళ్ళు. ఇప్పటికీ చేస్తున్నారు. తప్పు జరిగితే సరిదిద్దుకోవడానికి రెండో టేక్ లేదు, ఎదురుగా జనం. నన్నడిగితే ధైర్యం అంటే అది. సినిమాకొస్తే, 1957లో కె.వి.రెడ్డి మాయాబజార్ ఉంది. అందులో వెన్నెల మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనం. ద్వారకా నగరమేమో గోఖలే, కళాధర్ వేయించిన చిట్టి ఇళ్ళ నమూనా. ఇన్నేళ్ళయినా ఆ ఊరు బొమ్మ అనిపించదు. ఎందుకంటే ఇల్లు కదలదు. కదలని దాన్ని దగ్గర నుంచి, సరైన వెలుగులో తీస్తే అది ఎంత చిన్నదో కన్ను కనిపెట్టలేదు.

అదే ద్వారకను ముంచే సముద్రం కావాలంటే? అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

వంద అడుగుల ఎత్తు నుంచి పడే నీటికి కిందికి చేరడానికి సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. దాన్ని పాతిక వంతులు తగ్గించి నాలుగడుగుల నమూనా చేశామనుకోండి. సమయం కూడా పాతిక వంతులు తగ్గాలి కదా అనిపిస్తుంది. తగ్గదు. కాలం ఎత్తు వర్గమూలంతో నడుస్తుంది. పాతిక వర్గమూలం అయిదు కాబట్టి అరసెకను పడుతుంది. ఆ అరసెకనులో పడిపోయే నీటిని చూడగానే "ఇది బకెట్ నీళ్ళు" అని కన్ను పసిగట్టేస్తుంది. అందుకని ట్రిక్కు ఫొటోగ్రఫీ వాళ్ళు కెమెరాను అయిదు రెట్లు వేగంగా తిప్పుతారు. సెకనుకు 24 బొమ్మలకు బదులు 120 తీసి, మళ్ళీ 24 చొప్పున చూపిస్తారు. అరసెకను కాస్తా రెండున్నర సెకన్లవుతుంది, నీటికి బరువొస్తుంది.

బరువైతే వచ్చింది. మరి చుక్క? దాన్ని నమూనాకు తగ్గట్టు చిన్నది చేయడం ఎవరి తరమూ కాదు. తలతన్యత అనే గుణం నీటిని చుక్కలుగా పట్టి ఉంచుతుంది. వానచుక్క అయిదారు మిల్లీమీటర్లు దాటితే గాల్లోనే పగిలిపోతుంది. ఆ కొలత గోదారికైనా, బకెట్‌కైనా ఒకటే. పాతిక వంతుల నమూనాలో అయిదు మిల్లీమీటర్ల చుక్క తెర మీద కొబ్బరికాయంత చుక్కగా కనబడుతుంది. కొబ్బరికాయలంత చుక్కలు చిమ్మే జలపాతాన్ని ఎవరు నమ్ముతారు? ఈ బాధ పడలేకనేమో, 1997లో టైటానిక్ తీసిన జేమ్స్ కామెరాన్, మెక్సికోలో సముద్రం ఒడ్డున పెద్ద నీటి తొట్టి కట్టించి, అందులో దాదాపు అసలు ఓడంత సెట్టే వేయించాడు. అంత చేసినా కొన్ని దృశ్యాల్లో సముద్రాన్ని కంప్యూటర్‌తోనే పోయించక తప్పలేదు.

కంప్యూటర్‌లో నీరు పోయడం మంత్రమేం కాదు. చోటునంతా చిన్న చిన్న గళ్ళుగా విభజిస్తారు. ఒక్కో గడిలో నీరు ఎంత వేగంతో, ఎటు పోతోంది, ఒత్తిడి ఎంత అన్నది క్షణక్షణం లెక్క కడతారు. ఆ సూత్రాలు వంతెనలు కట్టిన నేవియర్ అనే ఫ్రెంచి ఇంజనీరు, స్టోక్స్ అనే గణిత పండితుడు 19వ శతాబ్దంలో రాసిపెట్టినవే. నీరు ఇంకా సన్నగా, నిజంగా కనిపించాలని గడి కొలతను సగం చేస్తే, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ చీలి గళ్ళు ఎనిమిది రెట్లవుతాయి. కాలాన్ని కూడా సగం ముక్కలుగా కోయాలి. మొత్తం పని పదహారు రెట్లు. నిర్మాత డబ్బో, విడుదల తేదీయో అక్కడ అడ్డం పడుతుంది. తెర మీద నీరు ముద్దముద్దగా, జిగటగా కనబడితే గళ్ళు పెద్దవైపోయాయని అర్థం చేసుకోవచ్చు. చుక్కలకూ నురగకూ మళ్ళీ వేరే లెక్క.

2015లో వచ్చిన బాహుబలి జలపాతం గుర్తుందా? కేరళలోని అతిరప్పిళ్ళి దగ్గర కొంత తీశారు. కథకు కావలసిన ఆకాశమంత ఎత్తును హైదరాబాద్ మకుట సంస్థ వాళ్ళు కంప్యూటర్‌లో పోశారు. అసలు జలపాతం పక్కన ఉండబట్టి కొత్త నీటికి నడక అబ్బిందని నా నమ్మకం.

అసలు వస్తువే కావాలి, అదే గొప్ప అనే వాదం నాకు ఎక్కదు. జురాసిక్ పార్క్ కోసం స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన పెద్ద యంత్రపు రాక్షసబల్లి వానసీనులో తడిసి, రబ్బరు చర్మం నీళ్ళు పీల్చుకుని, బరువెక్కి వణకడం మొదలెట్టింది. పాపం, సిబ్బంది తువ్వాళ్ళు పట్టుకుని తుడుచుకుంటూ కూర్చున్నారు. మన ఈగ సినిమాలో హీరో ఈగే. దాన్ని తీగె కట్టి ఆడించగలమా? 2012లో ఆ పని కంప్యూటర్‌తో చేసి మకుట వాళ్ళు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ఆర్ఆర్ఆర్‌లో భీమ్‌తో తలపడిన పులీ గ్రాఫిక్సే, అదే మంచిది. పాత సినిమాల్లో నిజం పులితో కుస్తీ చూసి ఈలలు వేశాం గానీ, ఆ మూగజీవి ఏం పడిందో అడగలేదు. ఇప్పుడు పులిని ఆడించి చూపడం మన చట్టం ఒప్పదు. కిన్నెరసాని అడవి పక్కన బతికేవాళ్ళకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

అలాగని అన్నిటికీ కంప్యూటరెందుకు? 1973లో బాపు అందాల రాముడు తీస్తే రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా కథ చాలా మటుకు లాంచీలోనే నడిచింది. ఆ నది నిజం. లాంచీ రేగ్గొట్టిన అల ఒడ్డును తాకి తిరిగి వచ్చి మళ్ళీ లాంచీని తాకుతుంది. అది ఎవరూ లెక్క కట్టకుండానే దొరికింది. ఇప్పుడేమో "మా సినిమాలో గ్రాఫిక్స్ లేవు" అని పోస్టర్ల మీద వేసుకుంటున్నారు. హీరో నడుముకు కట్టిన తాడును చెరిపేసిందెవరో మరి!

ఇందాకటి నమూనా జలపాతాన్ని లక్షణంగా ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టండి. సెకనుకు 240 బొమ్మలు తీసి 30 చొప్పున చూపిస్తే కాలం ఎనిమిది రెట్లు సాగుతుంది. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, కాబట్టి చెంబులోంచి ఒక అడుగు కిందికి పోసిన ధార 64 అడుగుల జలపాతంలా పడాలి. కెమెరాను నేలకు ఆనించి, కింది నుంచి పైకి చూపించండి. చుక్కలు మాత్రం గుట్టు రట్టు చేస్తాయి. అప్పుడు రెండో చెంబులో కాస్త సబ్బు కలపండి. తలతన్యత తగ్గి నీరు మరింత సన్నగా చిట్లుతుంది. నమూనాలు తీసే పాత నిపుణులు నీళ్ళలో ఇలాంటివే కలిపేవాళ్ళు. సబ్బు ఎక్కువైతే నురగొస్తుంది, చూసుకోండి. గచ్చు మీద ఎవరైనా జారేలోపు తుడవడం కూడా మీ పనే. మీ అమ్మ అడిగితే నా పేరు చెప్పకండి.